నిషేధాల జాబితాలోంచి సినిమాలు: డ్వేన్ ఎస్పర్ వ్యాపారం, పనితనం

1934 జూలై 1 తర్వాత విడుదలయ్యే ప్రతి సినిమాకూ, సినిమాలను ముందే తనిఖీ చేసే జోసెఫ్ బ్రీన్ కార్యాలయం ఆమోద ముద్ర ఉండాలని అమెరికాలోని పెద్ద స్టూడియోల సంఘం నిర్ణయించుకుంది. ముద్ర లేకుండా వదిలితే సభ్యులకు 25,000 డాలర్ల జరిమానా. రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరులో, 'మేనియాక్' అనే 51 నిమిషాల సినిమా బయటికొచ్చింది. అందులో శవానికి ప్రాణం పోస్తారు, ఒంటి మీద బట్ట నిలవని స్త్రీ పాత్ర ఉంది, పిల్లి కన్ను పీకి నోట్లో వేసుకునే మనిషి ఉన్నాడు. ఆమోద ముద్ర మాత్రం లేదు. జరిమానా ఊసూ రాలేదు. దాని దర్శక నిర్మాత డ్వేన్ ఎస్పర్ ఆ సంఘంలో సభ్యుడు కాడు. సంఘం చేతిలో ఉన్న పెద్ద హాళ్లలో తన బొమ్మ ఆడుతుందన్న ఆశా అతనికి లేదు.

ఎస్పర్ పేరు ఇప్పుడు ఎక్కువగా 'అత్యంత చెత్త సినిమాలు' అనే జాబితాల్లో కనిపిస్తుంది. అతని సినిమాల్లో నటన శ్రుతి మించుతుంది, ఒక షాట్‌కూ మరో షాట్‌కూ వెలుగు పొసగదు, కథ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి తెర మీద వైద్య పాఠం మొదలవుతుంది. ఇవన్నీ కళ్లకు కనిపించే లోపాలే. అయితే వీటిని చేతకానితనం కింద జమకట్టి వదిలేసేవాళ్లు సగమే చూస్తున్నారు. ఆ లోపాల్లో చాలావాటికి కారణం టిక్కెట్ల కిటికీ దగ్గర, ఊరి పోలీసు దగ్గర, రాష్ట్ర సెన్సారు బల్ల దగ్గర దొరుకుతుంది. ఎస్పర్ తయారు చేసింది ఊరూరా తిరిగే ఒక ప్రదర్శన. సినిమా అందులో ఒక భాగం. అతని కెరీర్‌ను ఆ వైపు నుంచి చదివితేనే లెక్క కుదురుతుంది.

నిషేధమే సరుకు

స్టూడియోల సంఘం 1930 మార్చిలోనే ఒక నియమావళిని ఒప్పుకుంది. మాదకద్రవ్యాల అక్రమ రవాణాను చూపకూడదు. స్త్రీలను వ్యభిచారంలోకి అమ్మే వ్యాపారం కథా వస్తువు కారాదు. సుఖవ్యాధులు, లైంగిక ఆరోగ్యం సినిమాకు తగిన విషయాలు కావు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య లైంగిక సంబంధం నిషిద్ధం. నగ్నత్వం ఏ రూపంలోనూ వద్దు. నాలుగేళ్లపాటు ఈ నియమాలను స్టూడియోలే అంతగా పట్టించుకోలేదు. 1934లో బ్రీన్ చేతికి పగ్గాలు వచ్చాక అవి నిజంగా అమలయ్యాయి.

దాని ఫలితం విచిత్రంగా ఉంది. కోట్ల డాలర్ల పెట్టుబడి, పెద్ద తారలు ఉన్న కంపెనీలన్నీ కొన్ని విషయాల నుంచి ఒక్కసారిగా తప్పుకున్నాయి. ఆ విషయాల మీద జనానికి ఉన్న కుతూహలం ఎక్కడికీ పోలేదు. పోటీ లేని మార్కెట్టు మిగిలింది. ఎస్పర్, లూయీ సన్నీ, విల్లిస్ కెంట్, జె.డి. కెండిస్ వంటి చిన్న నిర్మాతలు, పంపిణీదారులు ఆ జాగాలోకి వచ్చారు. వీళ్లను వ్యాపార వర్గాల్లో 'నలభై మంది దొంగలు' అనేవారు. దేశాన్ని ఏరియాలుగా పంచుకుని, ఒకరి ఏరియాలో మరొకరు అడుగు పెట్టకుండా, ఒకరి ప్రింట్లు మరొకరు అద్దెకు తీసుకుంటూ నడిపేవారు. నియమావళిలోని నిషేధాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతిదానికీ ఎదురుగా వీళ్ల సినిమాల పేర్లు రాసుకుంటూ పోవచ్చు. ఖాళీ గడి దాదాపుగా మిగలదు.

హాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద నగరాల్లో మొదటి విడుదల హాళ్లు ఎక్కువగా అయిదు పెద్ద స్టూడియోల సొంతం. అక్కడ ముద్ర లేని సినిమాకు చోటు లేదు. మిగిలినవి చిన్న పట్టణాల సొంతదారుల హాళ్లు, నగరాల్లో కళ తప్పిన పాత హాళ్లు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఈ యజమానులకు వారం మధ్యలో సీట్లు నింపడమే గండం. ముద్ర ఉందా లేదా అని అడిగే స్థితిలో వాళ్లు లేరు.

దీనికి తోడు రాష్ట్రాల సెన్సారు ఉండేది. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయో, కాన్సస్, మేరీల్యాండ్, వర్జీనియా వంటి రాష్ట్రాల్లో బోర్డులు ఉండేవి. సినిమా అనేది శుద్ధ వ్యాపారం, దానికి భావప్రకటన స్వేచ్ఛ వర్తించదని 1915లో ఒహాయో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బోర్డు కాదంటే ఆ రాష్ట్రంలో దారి మూసుకున్నట్టే. బోర్డు లేని రాష్ట్రాల్లో ఊరి పెద్దలు, చర్చి సంఘాలు, పోలీసు అధికారి కలిసి సెన్సారు పని చేసేవారు. ఒక సినిమా ఇన్ని రకాల మనుషులకు ఇన్ని రకాలుగా సమాధానం చెప్పాలి. ఎస్పర్ సినిమాల రూపం ఈ అవసరం నుంచే పుట్టింది.

ఎస్పర్, హిల్డెగార్డ్

ఎస్పర్ వాషింగ్టన్ రాష్ట్రంలో 1890లలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశాడు, తర్వాత ఇళ్లు కట్టే కాంట్రాక్టరయ్యాడు, 1920ల మధ్యలో సినిమా వైపు మళ్లాడు. బాకీ కింద చేతికొచ్చిన ఆస్తితోపాటు ఫిల్మ్ పరికరాలు దొరకడమే ఈ మలుపుకు కారణమని ప్రచారంలో ఉన్న కథనం. అది ఎంతవరకు నిజమైనా, సామగ్రి చేతిలో ఉన్నవాడి లెక్క వేరు. కెమెరా అద్దె, ల్యాబు బిల్లు లేకపోతే చిన్న సినిమా ఖర్చులో పెద్ద ముక్క తగ్గిపోతుంది.

అతని వ్యాపారంలో సగం అతని భార్య హిల్డెగార్డ్ స్టేడీది. కథలు ఆమె రాసింది. ఈ మాట చాలా వ్యాసాల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది, అది అన్యాయం. ఆమె చిన్నతనంలో నాటుమందులు అమ్మే బంధువుతో ఊళ్లు తిరిగింది. ఆ మందు పేరు 'టైగర్ ఫ్యాట్'. బండి మీద నిలబడి గుంపును పోగు చేయడం, భయం పుట్టించడం, ఆ భయానికి విరుగుడుగా సీసా అమ్మడం ఆమె దగ్గర నుంచి చూసింది. 1933లో ఎస్పర్ తీసిన 'నార్కోటిక్' ఆ జ్ఞాపకాల మీదే నిలబడింది. మంచి పేరున్న డాక్టరు నల్లమందుకు అలవాటు పడి, దిగజారి, టైగర్ ఫ్యాట్ అమ్ముకునే స్థితికి చేరి, చివరికి తన ప్రాణం తానే తీసుకుంటాడు. మందుల బండి మీద ప్రసంగం చేసే సన్నివేశానికి ఈ సినిమాలోని మిగతా సన్నివేశాలకు లేని పట్టు ఉంది. రాసిన మనిషికి ఆ ప్రసంగం వరసలు తెలుసు.

దిగువన వివరించబోయే రోడ్‌షో పద్ధతి అంతా ఈ మందుల బండి పద్ధతే. ముందు రోగం గురించి భయం, తర్వాత నిపుణుడి మాట, ఆఖర్న చేతిలో పెట్టే సరుకు.

హాలు ముంగిట్లో శవం

'నార్కోటిక్' ఆడిన హాళ్లలో కొన్నిచోట్ల లాబీలో ఒక ఎండిన శవాన్ని నిలబెట్టారు. మాదకద్రవ్యాలకు బానిసై, మందుల షాపు దోచుకుని, పోలీసులు చుట్టుముడితే ఆత్మహత్య చేసుకున్న మనిషి దేహమని ఎస్పర్ ప్రకటించాడు. ఎండి ముడుచుకుపోయిన ఆ చర్మాన్నే మత్తుమందు చేసిన హానికి సాక్ష్యంగా చూపించాడు.

అదంతా కల్పన. ఆ దేహం ఎల్మర్ మెకర్డీ అనే దొంగది. 1911 అక్టోబరులో ఒక్లహామాలో రైలు దోచుకుని, మూడు రోజులకు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే రాష్ట్రంలోని పాహస్కాలో అంత్యక్రియల వ్యాపారి ఒకడు శవం కుళ్లకుండా ఆర్సెనిక్ ఉన్న ద్రావణం ఎక్కించాడు. ఎవరూ వచ్చి తీసుకెళ్లకపోవడంతో అతనే దాన్ని నిలబెట్టి, చూడ్డానికి డబ్బులు వసూలు చేశాడు. 1916లో బంధువులమని చెప్పి దాన్ని తీసుకెళ్లినవాళ్లు నిజానికి కార్నివాల్ మనుషులు. 1922లో అది లూయీ సన్నీ చేతికి వచ్చింది, 500 డాలర్ల అప్పుకు తాకట్టుగా. సన్నీ అంతకు ముందు వాషింగ్టన్ రాష్ట్రంలోని సెంట్రేలియాలో పోలీసు. రాయ్ గార్డ్‌నర్ అనే రైలు దొంగను పట్టుకుని బహుమతి అందుకుని, ఆ పేరుతోనే ప్రదర్శనల వ్యాపారంలోకి దిగాడు. అతని దగ్గర నుంచే ఎస్పర్ 1933లో ఆ దేహాన్ని ప్రచారానికి తెచ్చుకున్నాడు.

ఈ ఘట్టాన్ని ఎస్పర్ తెలివికి నిదర్శనంగా సరదాగా చెప్పే అలవాటు ఉంది. అలా చెప్పడం తగదు. ఒక మనిషి దేహానికి అబద్ధపు జీవితం అంటగట్టి, అతని మరణ కారణాన్ని మార్చి, టిక్కెట్లు అమ్ముకున్నారు. ఆ శవం తర్వాత చాలా చేతులు మారింది. 1976 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో, ఒక వినోద పార్కులో టీవీ షూటింగ్ జరుగుతుండగా బొమ్మ అనుకున్నదాని చెయ్యి విరిగి ఎముక బయటపడింది. అప్పటికి అది మనిషి అన్న సంగతే అందరూ మరిచిపోయారు. 1977 ఏప్రిల్‌లో ఒక్లహామాలోని గథ్రీలో పాతిపెట్టి, మళ్లీ ఎవరూ తవ్వకుండా పైన కాంక్రీటు పోశారు. ఎస్పర్ వ్యాపారాన్ని అంచనా వేసేటప్పుడు ఈ దేహం కూడా లెక్కలో ఉండాలి.

'మేనియాక్' ఎలా అతికారు

ఎస్పర్ పనితనం బాగా తెలిసేది 'మేనియాక్'లో. కథ ఎడ్గార్ అలెన్ పో 'నల్ల పిల్లి' నుంచి వదులుగా తీసుకున్నది. నాటకాల్లో మిమిక్రీ చేసిన డాన్ మాక్స్‌వెల్, పోలీసుల నుంచి తప్పించుకుని మీర్‌షుల్ట్జ్ అనే పిచ్చి డాక్టరు దగ్గర పనికి కుదురుతాడు. డాక్టరు చనిపోయినవాళ్లకు ప్రాణం పోసే పరిశోధనలో ఉంటాడు. చివరికి డాన్ అతన్ని చంపి, అతని వేషం వేసుకుని, రోగులను చూడటం మొదలుపెడతాడు. శవాన్ని గోడలో పెట్టి ఇటుకలు పేరుస్తాడు. పిల్లి కూడా లోపల ఉండిపోతుంది. పో కథ తెలిసినవారికి మిగతాది తెలిసిందే.

51 నిమిషాలంటే 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగుల లెక్కన దాదాపు 4,600 అడుగులు, వెయ్యి అడుగుల రీళ్లయితే అయిదు. ఆ రోజుల్లో సినిమా అనిపించుకోవడానికి ఇంచుమించు ఇదే కనీస నిడివి. ఈ నిడివిని ఎస్పర్ ఏ ఏ ముక్కలతో నింపాడో విడదీసి చూడటం ఉపయోగకరం.

మొదటిది డైలాగు సన్నివేశాలు. శబ్దంతో తీయాలంటే కెమెరా చప్పుడు వినపడకుండా కప్పాలి, రికార్డిస్టు కావాలి, మైకు ఎక్కడ వేలాడితే అక్కడే నటులు నిలబడాలి. షాట్ మారిన ప్రతిసారీ లైట్లు, మైకు సర్దడానికి సమయం పోతుంది. సమయమే ఖర్చు. అందుకే ఈ సన్నివేశాలు ఎక్కువగా ఒకే వెడల్పాటి షాట్‌లో నడుస్తాయి. నటులు ఒక వరసలో నిలబడి మాట్లాడతారు. తడబడినా మళ్లీ తీయరు. మీర్‌షుల్ట్జ్ వేసిన హొరెస్ కార్పెంటర్ మూకీల కాలం మనిషి, డాన్ వేసిన బిల్ వుడ్స్ స్టేజీ మీద వేసినట్టే వేశాడు. క్లోజప్‌లు వేసి సర్దే వీలు లేనప్పుడు, దూరం నుంచి కూడా భావం అందాలంటే నటులు గొంతునూ చేతులనూ పెంచాల్సిందే. ఎద్దేవా చేసే 'అతి నటన'లో కొంత ఈ లెక్కలోనిది.

రెండోది శబ్దం లేకుండా తీసిన ముక్కలు. పిల్లులు, ఎలుకలు, నేలమాళిగ, చేతుల క్లోజప్‌లు. వీటికి రికార్డిస్టు అక్కర్లేదు, ఏ మూలన తీసినా సరిపోతుంది. పిల్లి పిల్లిని తరమడం, పిల్లి ఎలుకను పట్టడం వంటివి ఎక్కడ అతికినా అతుకుతాయి. వాటిని కథలోకి ఇరికించడానికి పక్కింట్లో పిల్లుల్ని పెంచి తోళ్లు అమ్మే ఒక పాత్రను పెట్టారు. ఎలుకలు పిల్లులకు మేత, తోలు తీసిన పిల్లులు ఎలుకలకు మేత, పెట్టుబడి లేని వ్యాపారమని అతను వివరిస్తాడు. ఉన్న ఫుటేజీకి సంజాయిషీ రాయడంలో హిల్డెగార్డ్ నేర్పు ఈ ఒక్క సన్నివేశం చూసినా తెలుస్తుంది. కన్ను పీకే దృశ్యాన్ని ముందే ఒక కన్ను లేని పిల్లితో, గాజు కన్ను పెట్టి తీశారని చెబుతారు.

మూడోది ఇతరుల సినిమాల నుంచి తెచ్చుకున్న ఫుటేజీ. డాన్‌కు మతి చెదిరినప్పుడు అతని ముఖం మీద దెయ్యాలు, మంటలు, గాల్లో తేలే ఆకారాలు కదులుతాయి. అవి 1922 నాటి స్వీడన్ మూకీ 'హాక్సన్', ఫ్రిట్జ్ లాంగ్ 'సిగ్‌ఫ్రీడ్', 1920ల ఇటలీ సినిమా 'మచిస్తే ఇన్ హెల్' నుంచి తీసుకున్న దృశ్యాలు. రెండు బొమ్మలను ఒకే ఫిల్మ్ మీద ఒకదానిపై ఒకటి ముద్రించారు. ఆ సినిమాల సెట్ల ఖర్చులో పిసరంత కూడా ఎస్పర్ దగ్గర ఉండదు. ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. మూకీలను సెకనుకు 24 ఫ్రేములకంటే తక్కువ వేగంతో తీసేవారు. టాకీ వేగంతో నడిపితే కదలిక తొందరగా, కుదుపుగా కనిపిస్తుంది. రెండోది, మూకీ ఫ్రేము ఫిల్మ్ వెడల్పంతా వాడుకుంటుంది. టాకీలో ఆ వెడల్పులో ఒక పట్టీ సౌండ్ ట్రాక్‌కు పోతుంది కనుక ఆ వైపు బొమ్మ తెగిపోతుంది. మామూలు సన్నివేశంలో ఇవి తప్పులుగా కనిపిస్తాయి. మతిభ్రమణ దృశ్యంలో మాత్రం ఆ కుదుపే పనికొచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత కూడా ఈ సినిమాలో నిజంగా కలవరపెట్టేవి ఈ నిమిషాలే. ఇందులో ఛాయాగ్రాహకుడు విలియం సి. థాంప్సన్ చేయి ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత, చెత్త సినిమాలకే పేరుపడ్డ దర్శకుడు ఎడ్ వుడ్ సినిమాలకు కెమెరా పట్టింది ఇతనే.

నాలుగోది అక్షరాలు. సినిమా మొదట్లో విలియం శాడ్లర్ అనే డాక్టరు మాటలు, భయం మనసును ఎలా పాడుచేస్తుందో చెబుతూ తెర మీద కదులుతాయి. మధ్య మధ్య కథ ఆగి, పారనోయియా అంటే ఏమిటో, డిమెన్షియా ప్రీకాక్స్ (స్కిజోఫ్రెనియాకు పాత పేరు) అంటే ఏమిటో నిర్వచనాలు వస్తాయి. ముందు సన్నివేశానికీ తర్వాతి సన్నివేశానికీ వాటితో పెద్దగా సంబంధం ఉండదు. చూసేవాళ్లకు విసుగు పుట్టించే ఈ కార్డులు ఒకేసారి మూడు పనులు చేస్తాయి. ఇది మానసిక వైద్య విజ్ఞాన చిత్రమని సెన్సారుకూ పోలీసుకూ చూపించడానికి ఆధారం. తర్వాత, అతకని రెండు షాట్ల మధ్య మూత. ఒక గది నుంచి మరో గదికి మనిషి ఎలా వచ్చాడో చూపే షాట్ లేకపోతే కార్డు పెడితే చాలు. ఇక మూడోది నిడివి. పది సెకన్ల కార్డుకు పదిహేను అడుగుల ఫిల్మ్, నటులకు కూలి లేదు. వ్యాపారంలో దీన్ని 'స్క్వేర్ అప్' అనేవారు, అంటే చేయబోయే తప్పుకు ముందే సంజాయిషీ చెప్పుకోవడం.

ఇక బక్లీ అనే రోగికి తప్పుడు ఇంజెక్షన్ ఇస్తే అతను తనను తాను పో కథలోని ఒరంగుటాన్ అనుకుని, ప్రాణం పోసుకున్న స్త్రీని ఎత్తుకుపోయే ఘట్టం. నేలమాళిగలో ఇద్దరు స్త్రీలు సిరంజీలతో తలపడే ఘట్టం. ఇవి పోస్టరు కోసం రాసినవి. పోస్టరు మీద ఏం వేయాలో ముందు తేల్చుకుని, దానికి తగిన దృశ్యం ఒకటో రెండో తీసి, చుట్టూ కథ అల్లడం ఈ రకం సినిమాల్లో సాధారణ పద్ధతి. అందుకే కథలోని అతుకులు బయటపడతాయి.

రోడ్‌షో

అయిదు రీళ్ల ప్రింటు డబ్బాలతో సహా కారు డిక్కీలో పడుతుంది. రోడ్‌షో మనిషి దాన్ని తీసుకుని ఊరికి వెళ్తాడు, లేదా ముందుగా ఒక ప్రచారకుణ్ణి పంపుతాడు. హాలు యజమానితో మూడు రకాల బేరాలు ఉండేవి. స్థిరమైన అద్దెకు ప్రింటు ఇవ్వడం, వసూళ్లలో వాటా, లేదా హాలునే ఒకటి రెండు రోజులకు మొత్తంగా అద్దెకు తీసుకుని వసూళ్లన్నీ తానే ఉంచుకోవడం. ఆఖరిదాన్ని 'నాలుగు గోడల' బేరం అంటారు. నష్టమూ లాభమూ దీంట్లోనే ఎక్కువ. ఉదాహరణకు 500 సీట్లు, 25 సెంట్ల టిక్కెట్టు, రోజుకు నాలుగు ఆటలు అనుకుంటే హాలు సగం నిండినా 250 డాలర్లు. కొద్ది వేల డాలర్లతో తీసిన సినిమాకు ఇలాంటి ఊళ్లు కొన్ని పదులు దొరికితే పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత ప్రింటు అరిగేదాకా వచ్చేదంతా లాభం.

ఈ వ్యాపారంలో ఒక ఊరికి రెండోసారి వెంటనే వెళ్లడం ఉండదు. ప్రకటనలో చెప్పింది తెర మీద ఉండదని మొదటి ఆట చూసినవాళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఒకటి రెండు రోజులే. మాట పాకేలోపు డబ్బాలు కారెక్కాలి. కొన్నేళ్ల తర్వాత అదే సినిమా కొత్త పేరుతో వస్తుంది. 'మేనియాక్' తర్వాత 'సెక్స్ మేనియాక్' అయింది. పేరు మార్చడానికి కొత్త టైటిల్ కార్డు ఒక్కటి, కొత్త పోస్టర్లు చాలు.

'పెద్దలకు మాత్రమే' అన్న బోర్డు, స్త్రీలకు వేరే ఆట, లాబీలో మత్తుమందు సిరంజీలు, పైపులు ఉన్న అద్దాల పెట్టె, ఆట మధ్యలో ఉపన్యాసం, ఉపన్యాసం చివర పుస్తకాల అమ్మకం ఈ రంగమంతటా నడిచిన పద్ధతులు. పుస్తకం అచ్చు ఖర్చు సెంట్లలో, అమ్మకం ధర దానికి ఎన్నో రెట్లు. దాంట్లో హాలు యజమానికి వాటా ఇవ్వనక్కర్లేదు కనుక చాలా ఊళ్లలో అసలు లాభం ఇక్కడే. స్త్రీలకు వేరే ఆట పెట్టడం వెనక మర్యాద ఒక్కటే కారణం కాదు. భర్తతోనో తండ్రితోనో కలిసి చూడటానికి సిగ్గుపడే ప్రేక్షకులు కూడా దాంతో టిక్కెట్టు కొంటారు.

ఒకే సినిమాకు 'వేడి' ప్రింటు, 'చల్లని' ప్రింటు ఉండేవి. సెన్సారు గట్టిగా ఉన్నచోట చల్లనిది, మిగతాచోట్ల వేడిది. వీటికి తోడు విడిగా ఒక రీలు డబ్బాలో ఉండేది. ప్రకటన చూసి ఆశపడి వచ్చిన జనం గొడవకు దిగితే, సినిమాతో సంబంధం లేని నగ్న దృశ్యాల ఆ రీలు వేసి శాంతపరిచేవారు. తెలుగు జిల్లాల్లో ఉదయం ఆటల మధ్య 'బిట్లు' కలిపి నడిపిన హాళ్ల సంగతి తెలిసిన పాఠకులకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. బిట్టు తీసేసినా పెట్టినా కథకు లోటు రాకూడదు. ఎస్పర్ సినిమాల్లో స్నానాలు, బట్టలు మార్చుకోవడం వంటివి కథ నుంచి విడిపోయి ఉండటానికి ఇదే కారణం. కత్తెర పడినా మిగతా సన్నివేశం నిలవాలి.

చెడిపోయేది ఎక్కడంటే ముందుగా ప్రింటులోనే. ఊరి పోలీసు తీయమన్న ముక్కను ఆపరేటర్ తీసేస్తాడు. తర్వాతి ఊరికి వెళ్లేలోపు మళ్లీ అతకాలి. ప్రతి అతుకుకీ ఒకటో రెండో ఫ్రేములు పోతాయి. కొందరు ఆపరేటర్లు ఆ ముక్కను తమ దగ్గరే ఉంచేసుకుంటారు. పది ఊళ్లు తిరిగేసరికి మాటల మధ్యలో గెంతులు, సంగీతంలో కోతలు. సౌండ్ ట్రాక్ బొమ్మకంటే 20 ఫ్రేములు ముందుంటుంది కనుక, బొమ్మను చూసి కత్తిరిస్తే శబ్దం వేరేచోట తెగుతుంది. నేడు దొరికే కాపీల్లో వినిపించే గెంతులు ఎస్పర్ ఎడిటింగువని అనుకోవడం పొరపాటు. వాటిలో కొన్నింటికి బాధ్యులు పేరు తెలియని ఆపరేటర్లు.

మారిహువానా, తర్వాతివి

1936లో వచ్చిన 'మారిహువానా' ఈ సూత్రానికి బాగా కుదిరిన నమూనా. బర్మా అనే అమ్మాయి పాత్రను హార్లీ వుడ్ వేసింది. సముద్రతీరంలో పార్టీ, గంజాయి సిగరెట్లు, అమ్మాయిలు నగ్నంగా నీళ్లలోకి దిగడం, ఒకరు మునిగి చనిపోవడం. బర్మాకు గర్భం, ప్రియుడి మరణం, బిడ్డను దత్తతకు ఇవ్వడం, ఆమే హెరాయిన్ అమ్మే స్థాయికి వెళ్లడం. చివర్లో అక్క పెంచుకుంటున్న పాపను ఎత్తుకొచ్చాక ఆ పాప తన బిడ్డేనని తెలుస్తుంది. గంజాయి తాగితే ఆగని నవ్వు, దాని వెంటే హెరాయిన్, దాని వెంటే చావు అని సినిమా చెప్పే వరస విజ్ఞానం కాదు. హెచ్చరిక అనే పేరుతో చెప్పిన అబద్ధం. ఫెడరల్ మాదకద్రవ్యాల శాఖ అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ అప్పటికే ఇదే భయాన్ని ప్రచారం చేస్తున్నాడు. మరుసటి ఏడాది, 1937లో, గంజాయి పన్ను చట్టం వచ్చింది. పత్రికలు ఉచితంగా పుట్టించిన భయాన్ని ఎస్పర్ టిక్కెట్టుగా మార్చుకున్నాడు.

హిల్డెగార్డ్ రాతకు ఇక్కడా ఒక మాట చెల్లుతుంది. దారి తప్పిన స్త్రీ ఏడుస్తూ చనిపోవడం ఆ కాలపు రివాజు. బర్మా మాత్రం సినిమా రెండో సగమంతా కరకుగా, తన వ్యాపారం తాను నడుపుకునే మనిషిగా ఉంటుంది. పెద్ద స్టూడియోలో ఆ ఏడాది అలాంటి నాయికకు చోటు దొరకదు.

1937లో పదిహేను నిమిషాల లోపు లఘుచిత్రం 'హౌ టు అన్‌డ్రెస్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యువర్ హస్బెండ్'. నటుడు జాన్ బ్యారీమోర్ భార్య ఎలెయిన్ బ్యారీ అందులో ఉంది. ఆ పెళ్లి గొడవలు అప్పుడు పత్రికల్లో రోజూ వచ్చేవి. సరుకంతా ఆ ఇంటిపేరే.

సొంతంగా తీయడంకంటే ఇతరుల సినిమాలను తిప్పడం తేలిక, చవక. లూయీ గాస్నియే దర్శకత్వంలో 1936లో తీసిన 'టెల్ యువర్ చిల్డ్రన్' ఈ దారిలోనే 'రీఫర్ మ్యాడ్‌నెస్'గా, ఇంకా అనేక పేర్లతో ఊళ్లు తిరిగింది. దాన్ని తిప్పినవారిలో ఎస్పర్ పేరు ముందుంటుంది. 1970లలో గంజాయి చట్టాల సంస్కరణ కోరేవాళ్లు అదే సినిమాను కళాశాలల్లో ప్రదర్శించారు. భయపెట్టడానికి తీసింది నవ్వించడానికి పనికొచ్చింది.

టాడ్ బ్రౌనింగ్ 1932లో ఎంజీఎంకు తీసిన 'ఫ్రీక్స్' సంగతి ఇంకా బరువైనది. నిజమైన సర్కస్ కళాకారులు, పుట్టుకతో శరీర భేదాలున్నవాళ్లు, నటించిన సినిమా అది. జనం జడుసుకున్నారు, స్టూడియో దాన్ని మూలన పడేసింది. 1940లలో ఎస్పర్ హక్కులు తీసుకుని, 'ఫర్బిడెన్ లవ్', 'నేచర్స్ మిస్టేక్స్' వంటి పేర్లతో తిప్పాడు. మొదట్లో పొడవైన ముందుమాట చేర్చాడు. ప్రకటనలు ఆ కళాకారులను చూసి వెకిలిగా కుతూహలపడమని పిలిచాయి. సినిమా లోపల మాత్రం వాళ్లు తమలో తాము మర్యాదగా, ఆప్యాయంగా బతుకుతారు. ప్రకటనకూ సినిమాకూ ఇంత దూరం ఎస్పర్ కెరీర్‌లో మరెక్కడా లేదు. అయినా స్టూడియో దాచేసిన ఆ సినిమా ఆ మధ్య ఏళ్లలో ప్రేక్షకుల కంటపడటానికి ఆ తిప్పుడే ఒక కారణమైంది. 1994లో అది అమెరికా జాతీయ సినిమా నిధిలో చేరింది. ఈ రెండూ నిజమే. ఒకటి మరొకదాన్ని మాఫీ చేయదు.

1948లో వార్తా చిత్రాల ముక్కలనూ, ఎవా బ్రౌన్ ఇంటి కెమెరా ఫిల్మునూ కలిపి హిట్లర్ ప్రేమ జీవితమని ఒక సినిమా వదిలాడు. అప్పటికి తీయడం దాదాపు ఆగిపోయి, కూర్చడమే మిగిలింది. అదే ఏడాది స్టూడియోలు హాళ్లను వదులుకోవాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1952లో సినిమాకూ భావప్రకటన స్వేచ్ఛ ఉందని మరో తీర్పు వచ్చింది. 1956లో మాదకద్రవ్యాల కథలను నియమావళే అనుమతించింది. నిషేధం ఒక్కొక్కటిగా సడలే కొద్దీ ఆ నిషేధం మీద కట్టిన వ్యాపారం కూడా సన్నగిల్లింది. ఎస్పర్ 1982లో, హిల్డెగార్డ్ 1993లో చనిపోయారు.

అతని సినిమాలు మిగలడానికి ముఖ్య కారణం లూయీ సన్నీ కుటుంబం గోదాములో ప్రింట్లను పారేయకుండా ఉంచడం, 1990లలో సమ్‌థింగ్ వియర్డ్ అనే వీడియో సంస్థ వాటిని బయటికి తేవడం. కాపీహక్కు లేని 'మేనియాక్' ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, అందులో చాలా కాపీలు టేపు నుంచి టేపుకు దింపినవి. కొత్తగా చూడదలిస్తే ఫిల్మ్ ప్రింటు నుంచి నేరుగా స్కాన్ చేసిన కాపీని వెతుక్కోవాలి. పాత టేపు కాపీల్లో ముఖం మీద ముద్రించిన దెయ్యాల బొమ్మలు బూడిద మరకల్లా కలిసిపోతాయి, థాంప్సన్ నీడలు పూర్తిగా నల్లబడతాయి. నిడివి కూడా సరిచూసుకోవాలి. 51 నిమిషాలకంటే బాగా తక్కువ ఉంటే ఏదో ఒక ఊరి కత్తెర పడిన ప్రింటు నుంచి వచ్చిన కాపీ అయ్యే అవకాశం ఎక్కువ.